దీపం గుర్తు వెంట నల్లమల ఊళ్ళలో

మా ఇంట్లో దిగులుపడే పని ఎప్పుడూ నాదే. మిగతావాళ్ళంతా హాయిగా నిద్రపోతారు. అందుకని మా చెల్లెలు వసంత నల్లమల వైపు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి శాసనసభ ఎన్నికల్లో నిలబడిందని తెలిసినప్పుడు, నెల్లూరు నుంచి బయలుదేరవలసింది నేనేనని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది. మా ఆయన స్టేషను దాకా వచ్చి, "గెలిస్తే కబురు చెయ్యి, ఓడితే వెంటబెట్టుకురా" అన్నారు. ఆ రెండో మాటకు నేను ముందే సిద్ధమయ్యాను. వసంత సామాను సర్దడానికని ఒక ఖాళీ ట్రంకు పెట్టె కూడా రైలెక్కించాను.

కర్నూలు మన రాజధాని అయి అప్పటికి ఏడాది దాటిందో లేదో. శాసనసభ రద్దయి రాష్ట్రమంతటా మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఎక్కడ చూసినా గోడల మీద సున్నంతో బొమ్మలే. అందరూ నిలబడ్డవాళ్ళ గెలుపోటముల గురించి మాట్లాడుకుంటుంటే, నేను మాత్రం ఓడిపోయాక పెళ్ళీ ఉద్యోగమూ లేని ముప్పై ఐదేళ్ళ ఆడది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

కడప నుంచి మైదుకూరు

కడపలో దిగి బస్సెక్కాను. మా నెల్లూరు పక్కనుంచి పోయే పెన్న ఈ జిల్లా మీదుగానే వస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాను కాబట్టి కిటికీలోంచి ఆశగా చూశాను. ఇసుక కనిపించింది. ఆ ఇసుకలో చెలమలు తీసి ఆడవాళ్ళు చిప్పలతో నీళ్ళు తోడుకుంటున్నారు. ఒక్కొక్క కడవ నిండేసరికి మన దగ్గర వంట అయిపోతుంది.

మైదుకూరులో బస్సు ఆగినప్పుడు హోటల్లో రాగి సంగటి, ఊరుబిండి అనే చెనక్కాయల పచ్చడి తిన్నాను. రెండణాలకు కడుపు నిండిపోయింది. మన పూటకూళ్ళ ఇంట్లో ఆ డబ్బుకు పెరుగు కూడా గట్టిగా పోయరు. ఊరుబిండి కారానికి కళ్ళు తిరిగి రెండోసారి నీళ్ళడిగాను. హోటలాయన గ్లాసు సగం దాకా పోసి, "బాయి శానా దూరమమ్మా, కోపం చేసుకోవద్దు" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఆ సగం గ్లాసూ చుక్క ఒలకకుండా తాగాను.

మళ్ళీ బస్సులో ఎర్ర రుమాలు చుట్టుకున్న ఒక రైతు నా పక్క సీటులో కూర్చున్నాడు. యాడికి పోతాండారని అడిగితే చెప్పాను.

"ఓ, మా నర్సమ్మకు అక్కవా," అన్నాడు. "మా ఇంట్లో ఆడోళ్ళంతా దీపం గుర్తే. నేను ఎవరికి వేస్తానో ఎవరూ అడగరు, చెప్పేది మాత్రం రోజూ చెప్తాండారు."

"మగవాళ్ళ సంగతేమిటండీ?" అన్నాను.

"మగోళ్ళది వాళ్ళ వాళ్ళ పెద్దోళ్ళు యాడ చెప్తే ఆడ," అని అతను బీడీ ముట్టించుకున్నాడు.

అంటే వసంతకు ఉన్నది ఆడవాళ్ళ ఓట్లేనన్నమాట. దిగులు ఇంకో మెట్టు ఎక్కింది.

కిరసనాయిలు డబ్బా

ఆసుపత్రి దగ్గర అద్దెగదిలో వసంత నన్ను చూసి నవ్వింది, తర్వాత ట్రంకు పెట్టెను చూసి, "ఇంత ఖాళీగా ఉందేమక్కా" అని ఎత్తి చూసింది. నేను మాట మార్చాను. మనిషి ఎండకు నల్లబడి సగమైపోయింది. ఎందుకొచ్చిన గొడవ ఇది అని అడిగితే అప్పుడు చెప్పింది. నల్లమల కొండల కింద ఉన్న ఊళ్ళకు బావుల్లేవు. నెలలు నిండినవాళ్ళు కూడా కోసెడు దూరం నుంచి నీళ్ళు మోస్తారు. దారిలో నొప్పులొచ్చినవాళ్ళను ఎడ్లబండిలో ఆసుపత్రికి తెస్తారు. అందులో కొందరు తిరిగి వెళ్ళరు. బావి తవ్వించండని ఆమె పై వాళ్ళను అడిగింది. అది శాసనసభ్యుడు చూసుకోవలసిన పని అన్నారట. అయితే నేనే అవుతానని వచ్చేసింది. మా నాన్న మొండితనమంతా దీనికొక్కదానికే వచ్చింది.

ఆమె ప్రచారానికి మౌలాలి అనే ఆయన జీపు తోలేవాడు. మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత జీపది. ఎత్తు వస్తే అందరం దిగాలి, దిగుడు వస్తే అల్లాను తలుచుకోవాలి. ఊరు చేరితే ఆడవాళ్ళు హారతి పళ్ళెంతో వచ్చేవాళ్ళు. గుర్తు దీపం కదా, వసంత ప్రతి ఊళ్ళోనూ ఒక ప్రమిద వెలిగించి, "ఇదే నా గుర్తు, దీనికి మొక్కినంత గట్టిగా గుర్తు పెట్టుకోండి" అని చెప్పేది. అంతా కళ్ళకద్దుకునేవాళ్ళు. ఆ దృశ్యం చూసి నాకు కాస్త ధైర్యం కూడా వచ్చింది.

ఓటు వేయడం ఎలాగో కూడా చెప్పాలి గనుక బూదిపాడు అనే ఊళ్ళో వసంత మొదటిసారి ఒక కిరసనాయిలు డబ్బా తెచ్చింది. ఇప్పటి ఎన్నికల్లో నిలబడ్డ ఒక్కొక్కరికీ ఒక్కొక్క పెట్టె. పెట్టె మీద గుర్తు అంటిస్తారు. ఓటరు చేతికి ఒక కాగితం ఇస్తారు, దాని మీద రాసేదేమీ లేదు. తెర వెనక్కి వెళ్ళి, తనకు కావలసిన పెట్టెలో ఆ కాగితం వేసి రావాలి. అంతే. డబ్బా మూతకు సన్నటి చీలిక కొట్టించి, ముందు దీపం బొమ్మ వేయించింది వసంత. పాత క్యాలెండరు చింపి ఆడవాళ్ళకు తలా ఒక ముక్క ఇచ్చి, ఒక చీర తెరగా కట్టించి ఒక్కొక్కరినీ లోపలికి పంపింది.

అందరూ వెళ్ళి వచ్చాక నేను తెర వెనక్కి వెళ్ళి చూశాను. డబ్బాకు పసుపు కుంకుమ పెట్టి ఉంది. పైన గన్నేరు పూలు. ఆ పూల మధ్య కాగితం ముక్కలన్నీ పొందికగా పేర్చి ఉన్నాయి. డబ్బా ఊపి చూస్తే లోపల ఏ చప్పుడూ లేదు.

ఒకావిడను పిలిచి లోపల ఎందుకు వేయలేదమ్మా అని అడిగాను.

"దీపం కడుపులో కాయితం దూర్చేదెట్లమ్మా," అంది ఆమె, నేనే తప్పు మాట్లాడినట్టు చూసి. "ముందర పెట్టి మొక్కేది. తీసుకునేది ఆ యమ్మ ఇష్టం."

వసంత మొహం పాలిపోయింది. పెట్టె బయట పడి ఉన్న కాగితం లెక్కలోకి రాదని ఆమెకు తెలుసు. ఎన్ని ఊళ్ళలో దీపం వెలిగించి మొక్కించిందో కూడా ఆమెకే తెలుసు. మొక్కడం నేర్పింది తనే.

మళ్ళీ అవే ఊళ్ళు

బూదిపాడులో కూర్చుని విడమరిచి చెప్పడానికి వీలుపడలేదు. అంతలో పొలం పనులకు వేళయిందని ఆడవాళ్ళంతా లేచిపోయారు. తర్వాత వస్తామని చెప్పి, తిరిగిన ఊళ్ళన్నీ మళ్ళీ తిరగడం మొదలుపెట్టాం. డబ్బా జీపు ముందు సీట్లో, నేను వెనక సీట్లో. చెబితే తలూపుతారు. చేయమంటే మళ్ళీ పైనే పెడతారు. "లోపలికి తొయ్యమ్మా" అని నేను చెయ్యి పట్టుకుని చూపిస్తే ఒక ముసలావిడ చెంపలు వేసుకుంది.

ఈ తిరుగుళ్ళలోనే ఒక బాలింత ఇంటికి వెళ్ళాం. వసంత చేతుల మీద పుట్టిన బిడ్డట, మూడు నెలలది. దాని మొలకు పసుపు దారంతో ఒక చిల్లికానీ కట్టి ఉంది. మనవైపు దిష్టికి కడతారే, అదనుకున్నాను. కాదట. ఈ ఊళ్ళలో కాన్పు కష్టమైతే పసుపు దారానికి చిల్లికానీ కట్టి అహోబిలం స్వామికి మొక్కుకుంటారు. తల్లీబిడ్డా బయటపడితే ఆ ముడుపును బిడ్డ మొలకు కడతారు. వీలైనప్పుడు కొండకు వెళ్ళి హుండీలో వేస్తారు. అప్పుడు నా ధ్యాసంతా కిరసనాయిలు డబ్బా మీదే ఉంది.

మూడోరోజు జీపు ఇరుసు విరిగింది. మౌలాలి కింద పడుకుని చూసి, "ఇంక ఇది కదలదు బీబీ, నంద్యాల నుంచి సామాను రావాల" అన్నాడు. అక్కడినుంచి ఎడ్లబండి. ఎడ్లబండితో ఊళ్ళు సగం కూడా కావు. పోలింగులోగా బూదిపాడుకు తిరిగి వెళ్ళడం కుదరదని నాకు అప్పుడే అర్థమైంది. ఇద్దరం కొర్రన్నం మూట విప్పుకుని దాని రుచి గురించి మాట్లాడుకున్నాం.

అహోబిలం

అహోబిలం దగ్గర ఊళ్ళలో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, దిగువ గుడికి వెళ్ళి కూర్చున్నాం. నేను స్వామికి ఏం మొక్కుకున్నానో చెప్పను. గెలిపించమని కాదు, ఇంటికి తీసుకెళ్ళనివ్వమని.

వసంతను గుర్తుపట్టి ఒక ముసలామె వచ్చి పక్కన కూర్చుంది. పేరు ఓబుళమ్మ. కొండ కింద నల్లరాళ్ళపల్లెలో కూలిపని చేస్తుంది. ఇద్దరు మనవరాళ్ళు వసంత చేతుల్లోనే పుట్టారట. మా దిగులు మొహాలు చూసి సంగతి అడిగింది. వసంత చెప్పింది. ఓబుళమ్మ అంతా విని, ఎదురుగా ఉన్న హుండీ వైపు చెయ్యి చూపించింది.

"దాంట్లో ముడుపు లోపల వేస్తాము కదా. పైన పెట్టి పోతామా?"

"అదే కదమ్మా చెబుతోంది," అంది వసంత.

"అది కాదు నువ్వు చెప్తాండేది. నువ్వు దీపమంటాండావు. దీపానికి ముందర పెట్టేదే కదా. హుండీ అను, అప్పుడు వేస్తారు," అంది ఓబుళమ్మ. "నర్సమ్మ హుండీ అని నేను చెప్తాలే. ఈ కొండ కింద ఊళ్ళన్నీ నావే, బూదిపాడు దాకా మాత్రం పోలేను. నీకేమీ తెల్దు, ఊరికే ఉండు."

అలా అని లేచి, చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. వసంత చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. నాకు మాత్రం ఆ ముసలామె ఏం చెబుతుందో, వాళ్ళేం వింటారో అని కొత్త బెంగ పట్టుకుంది.

పోలింగు రోజు

పోలింగు రోజున నల్లరాళ్ళపల్లె బడి ముందు నేను ఉన్నాను. లోపలికి వెళ్ళడానికి నాకు హక్కు లేదు. వేపచెట్టు నీడలో చాప వేసుకుని కూర్చుని, లోపలికి వెళ్ళే ప్రతి ఆడమనిషినీ పరీక్షగా చూశాను. తలంటుకుని, పండగ చీరలు కట్టుకుని వచ్చారు. చేతులకు పసుపు. ఒక్కొక్కరు తెర వెనకకు వెళితే తొందరగా రారు. బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా విసుక్కోవడం బయటికి వినిపిస్తోంది. అంతసేపు లోపల ఏం చేస్తున్నారు? పూజ చేస్తున్నారనుకున్నాను. ఓబుళమ్మ బయటికి వచ్చి నన్ను చూసి తలూపింది. దానర్థం ఏమిటో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం ఎడ్లబండిలో బూదిపాడు వెళ్ళాను. వసంత కూడా అప్పుడే అక్కడికి చేరింది. ఓట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు ఆమె చుట్టూ మూగి ఉన్నారు. మొహాలన్నీ వెలిగిపోతున్నాయి.

"దీపం ముందర బాగా పెట్టి మొక్కినాము నర్సమ్మా," అంది ఒకామె. "ఒక్కరం కూడా మరువలే. పూలు గూడా పెట్టినాము."

"మా అత్తకు కళ్ళు కనపడవు. చెయ్యి పట్టుకుని పోయి పెట్టించినా," అంది ఇంకొకామె.

వసంత ఆ గుడ్డి ముసలామె చేతులు పట్టుకుని, "శానా మంచి పని చేసినారమ్మా" అంది. అంతటి నిబ్బరం నాకైతే లేదు. నేను బండి వెనక్కి వెళ్ళి, ఎద్దు మెడ నిమురుతూ కళ్ళు తుడుచుకున్నాను.

కర్నూలు

రాజధాని అంటే ఏమో అనుకున్నాను. ప్రభుత్వ కచేరీలు సగం గుడారాల్లో ఉన్నాయి. గాలి వస్తే గుమస్తాలు కాగితాల మీద నాపరాళ్ళ ముక్కలు పెట్టుకుంటున్నారు. పొద్దున్నే బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మరమరాలు తడిపి తాలింపు వేస్తే ఇంత బాగుంటుందని నాకు తెలియదు. వసంత తినలేకపోయింది. ఆమెదీ నేనే తిన్నాను. దిగులుపడేటప్పుడు నాకు ఆకలెక్కువ.

లెక్కింపు ఒక పెద్ద బడి గదిలో. నిలబడ్డవాళ్ళు తమ తరఫున ఒకరిని పెట్టుకోవచ్చు గనుక వసంత నన్ను పెట్టింది. బూదిపాడు పెట్టె తెరిచారు. అడుగున రెండు మూడు కాగితాలున్నాయి, మగవాళ్ళవి కాబోలు. నేను కళ్ళు మూసుకున్నాను.

తర్వాత నల్లరాళ్ళపల్లె పెట్టె తెరిచి బల్ల మీద బోర్లిస్తే చిల్లర కుమ్మరించినట్టు గలగలమంది. గదిలో ఉన్నవాళ్ళంతా లేచి చూశారు. ప్రతి కాగితమూ సన్నగా మడిచి, పసుపు దారం చుట్టి ఉంది. ఆ దారానికి ఒక చిల్లికానీ. హుండీ అంటే హుండీయే. ఓబుళమ్మ చెప్పినది చెప్పినట్టు విని, తెర వెనక నిలబడి ఒక్కొక్కరూ ముడుపు కట్టారు. అందుకే అంతసేపు పట్టింది.

కొందరు నవ్వారు. ఎదుటి పక్షం తరఫున వచ్చిన ఆయన నవ్వలేదు. ఒక కాగితం విప్పి వెలుతురుకు ఎత్తి చూపించి, "పసుపు మరకలుండాయి సార్. కాయితం మీద గుర్తుంటే చెల్లదు గదా," అన్నాడు.

లెక్కింపు అధికారి నడివయసు మనిషి, పొద్దుటి నుంచి ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. కళ్ళజోడు సవరించుకుని అడిగాడు.

"ఈ మరక ఎవరిదో చెప్పగలరా?"

"ఎట్ల చెప్తాము సార్, అందరివీ ఒకటే మాదిరి ఉండాయి."

"ఓటు వేసిన మనిషిని పట్టిస్తేనే అది గుర్తు. ఈ జిల్లాలో ఆడవాళ్ళందరి చేతులకూ పసుపే. చెల్లుతాయి," అన్నాడాయన. తర్వాత గుమస్తాల వైపు తిరిగి, "దారాలు తెంచకండి. విప్పండి," అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నలుగురు గుమస్తాలు తలలు వంచుకుని ముడులు విప్పుతూ కూర్చున్నారు. కొండ కింద ఊళ్ళన్నీ అలాగే వచ్చాయి. మాకు ఆశ పుట్టింది. దిగులు తప్ప ఎరగని నేను కూడా ట్రంకు పెట్టె సంగతి మరిచిపోయాను.

సాయంత్రానికి వసంత ఓడిపోయింది. పెద్ద తేడా ఏమీ కాదు. బూదిపాడు, దాని చుట్టుపక్కల ఊళ్ళలో పెట్టె మీద పెట్టిన కాగితాలు పెట్టెలో పడి ఉంటే గెలిచి ఉండేది.

వచ్చేస్తుంటే అధికారి ఒక పళ్ళెంలో ఆ కానీలూ దారాలూ పెట్టించి తెచ్చాడు. "కాగితాలు ప్రభుత్వానివమ్మా. ఇవి కావు," అని వసంత చేతికిచ్చాడు. ఆమె వాటిని చీర కొంగులో మూటకట్టుకుంది.

తిరుగుదారి

ఆసుపత్రి దగ్గర అద్దెగదికి వెళ్ళి వసంత బట్టలు, పుస్తకాలు, నర్సు గౌన్లు అన్నీ ట్రంకులో సర్దాను. ఆమె అడ్డుచెప్పలేదు. దారిలో నల్లరాళ్ళపల్లెలో ఒక్కసారి ఆగి చెప్పి వెళదామని మాత్రం అంది. మౌలాలి జీపు బాగుపడింది. ట్రంకు వెనక కట్టాం.

ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు కనిపించారు. హారతి లేదు, పూలు లేవు. ఓబుళమ్మ ముందుంది. వసంత జీపులోంచి దిగకుండానే చెప్పింది, ఓడిపోయానని, మీ రుణం ఉంచుకోనని, వెళుతున్నానని. కొంగుమూట విప్పి కానీలు తిరిగి ఇవ్వబోయింది. ఒక్కరూ చెయ్యి చాపలేదు.

ఓబుళమ్మ జీపు వెనక్కి వెళ్ళి ట్రంకు చూసింది. దాని తాళం కదిపి చూసింది.

"ముడుపు కట్టినాము," అంది. "గెలిచినావో ఓడినావో అదంతా మాకు తెల్దు. మాకు బాయి కావాల. కాన్పు కాకముందే లేచి పోతావా నర్సమ్మా?"

వసంత కొంగుమూట మళ్ళీ గట్టిగా ముడివేసుకుని కిందికి దిగింది. నా వైపు చూడకుండా, "మౌలాలీ, పెట్టె దించు" అంది.

నేను బతిమాలాను. కోప్పడ్డాను. తినడానికి ఏముంది, ఉండడానికి ఏముంది అని అడిగాను. ఓబుళమ్మ నా వైపు జాలిగా చూసి, "మేము తినేదే తింటాది లేమ్మా" అంది. ట్రంకులోంచి వసంత సామాను ఒక్కొక్కటే తీసి ఆడవాళ్ళు చేతుల్లో పట్టుకుపోయారు. ఖాళీ పెట్టె మళ్ళీ జీపులో పెట్టారు. దానికంటే నేనే ఎక్కువ ఖాళీగా ఉన్నానని ఆ రోజు అనిపించింది.

నేను నెల్లూరు చేరాక కూడా దిగులు తీరలేదు. ఊళ్ళవాళ్ళు రోజుకు కొందరు వంతులు వేసుకుని బావి తవ్వుతున్నారట, బూదిపాడు నుంచి కూడా ఆడవాళ్ళు వస్తున్నారట. మొన్న మైదుకూరు నుంచి వచ్చిన ఒక వ్యాపారి చెప్పాడు. నీళ్ళు పడ్డాయా అని అడిగాను. బండ తగిలిందమ్మా, ఇంకా లేదు అన్నాడు. నర్సమ్మ ఎలా ఉంది అంటే, గట్టు మీద కూర్చుని మట్టి తట్టలు అందుకుంటాంది అన్నాడు.

ఆ రోజే నేను మా ఆయన చిల్లర సంచీలో వెతికి ఒక చిల్లికానీ తీశాను. పసుపు దారం కట్టి దేవుడి గూట్లో పెట్టాను. మా ఆయన చూసి ఇదేమిటన్నారు. నీళ్ళు పడితే అహోబిలం వెళ్ళి హుండీలో వెయ్యాలి అన్నాను. లోపలికి వెయ్యాలని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.